గ్లాస్ ఎపాక్సీ బోర్డులు కోయడానికి చిన్న టేబుల్ రంపం

బోరు మోటారు టైమరుకో, ఆటో స్టార్టరుకో సర్క్యూట్ బోర్డు ఇంట్లోనే చేసుకునేవాళ్లకు ఎచింగ్, అంటే అక్కర్లేని రాగిని రసాయనంలో కరిగించడం, పెద్ద కష్టం కాదు. చిక్కంతా కోతలో వస్తుంది. రేకు కత్తెరతో కోస్తే గ్లాస్ ఎపాక్సీ అంచున పొరలు విడిపోయి తెల్లగా కనిపిస్తాయి. హ్యాక్సాతో కోస్తే గీత వంకర పోతుంది. యాక్రిలిక్ కట్టరుతో రెండు వైపులా ఐదారు సార్లు గట్టిగా గీసి, బల్ల అంచున పెట్టి విరిచే పద్ధతి ఒకటి రెండు బోర్డులకు బాగానే పనిచేస్తుంది. నెలకు రెండు బోర్డులు చేసేవాళ్లు రంపం కొనడం దండగే. ఒకే షీటు మీద ఆరో ఎనిమిదో బోర్డులు వేసి ముక్కలు చేసేవాళ్లకే దీని అవసరం.

ముందు చేతిలో ఉన్నది ఏ షీటో చూసుకోవాలి. గోధుమరంగు పేపర్ ఫినాలిక్ అయితే ఏ పళ్ల బ్లేడుకైనా తెగుతుంది. లేత పసుపుపచ్చగా ఉండి, రాగి లేనిచోట వెలుతురు దూరేది గ్లాస్ ఎపాక్సీ, అంటే ఎఫ్ఆర్-4. మామూలుగా దొరికే షీటు మందం 1.6 మి.మీ., దాని మీద రాగి 35 మైక్రాన్లు. లోపల ఉన్న గాజు నేతే బ్లేడును తినేస్తుంది.

775 అనే చిన్న డీసీ మోటారుతో వచ్చే రంపాలకు ఎక్కువగా హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడు ఇస్తారు. చెక్కకు, ప్లాస్టిక్‌కు అది మంచిదే. ఎఫ్ఆర్-4 మీద మాత్రం కొన్ని మీటర్ల కోతకే పదును పోతుంది. మోటారు శబ్దం కుంగడం, కాలిన వాసన రావడం, అంచు గోధుమరంగుకు తిరగడం, కింది వైపు రాగి రేకులా లేవడం దానికి గుర్తులు. కార్బైడ్ పళ్లది చాలా మేలు. అన్నిటికన్నా మేలు పళ్లు లేని, అంచంతా వజ్రపు పొడి అతికిన పలుచని బ్లేడు. 60 మి.మీ. వ్యాసం, 0.5 నుంచి 0.8 మి.మీ. మందం ఉన్నది చూసుకోవాలి. తాడిపత్రి, బేతంచెర్లలో బండలు కోసేవాళ్లు వాడేదీ వజ్రపు బ్లేడే. అలాగని వాళ్ల నాలుగంగుళాల బ్లేడు తెచ్చి దీనికి బిగించకూడదు. అది దాదాపు 2 మి.మీ. మందం, నడిమి రంధ్రం 20 మి.మీ.; ఈ చిన్న మోటారు దాన్ని లాగలేదు. మన రంపం షాఫ్టుకు 10 మి.మీ. రంధ్రం కావాలో 16 కావాలో కొలిచాకే బ్లేడు కొనాలి. ఇలాంటివి దొరికే బజార్లలో కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కోఠి, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర.

వేగం గురించి అనవసరపు హడావుడి ఎక్కువ. 60 మి.మీ. బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 16 మీటర్లు పోతుంది. అది చాలు. ఇంకా పెంచితే ఎపాక్సీ కాలుతుంది తప్ప కోత బాగుపడదు. అసలు ఇబ్బంది కరెంటు దగ్గర వస్తుంది. 775 మోటారు స్టార్టయ్యే క్షణంలో చాలా ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు దానికి కరెంటిచ్చే చిన్న ఎస్ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) మళ్లీ మళ్లీ ఆగి మొదలవుతుంది. 24 వోల్టుల మోటారుకు 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్, మెల్లగా వేగం పెంచే పీడబ్ల్యూఎం కంట్రోలరు పెడితే ఆ బాధ ఉండదు.

ఇక ఫెన్స్, అంటే బ్లేడు పక్కన బోర్డు ఆనుకుని జరిగే గైడు పట్టీ. బోర్డు కొలత తేలేది ఇక్కడే. బ్లేడు ముందు అంచు దగ్గరా, వెనక అంచు దగ్గరా ఫెన్స్ దూరాన్ని వెర్నియర్‌తో కొలవాలి. రెండూ సమానంగా ఉండాలి, లేదంటే వెనక 0.05 మి.మీ. ఎక్కువ ఉన్నా పర్వాలేదు. వెనక తక్కువైతే బోర్డు బ్లేడుకూ పట్టీకీ మధ్య ఇరుక్కుంటుంది. వెనక భాగంలో బ్లేడు పైకి లేస్తూ తిరుగుతుంది కాబట్టి అది బోర్డును ఎత్తి మన మీదికే విసురుతుంది.

తర్వాత కోత వెడల్పు. బ్లేడు మందం, కోత వెడల్పు ఒకటి కావు. పనికిరాని ముక్క వెడల్పు కొలిచి, దాన్ని రెండుగా కోసి, రెండింటి వెడల్పూ కలపాలి. 60.0 కాస్తా 59.3 అయితే కోత 0.7 మి.మీ. 0.5 బ్లేడుకు 0.9 వచ్చిందంటే బ్లేడు ఊగుతోంది: ఫ్లాంజి (బ్లేడును షాఫ్టుకు బిగించే బిళ్ల) కింద దుమ్ము ఉండాలి, లేదా షాఫ్టు వంగి ఉండాలి.

ఆ కోత వెడల్పును డ్రాయింగులో బోర్డుకూ బోర్డుకూ మధ్య ఖాళీగా పెట్టాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఖాళీ 1 మి.మీ. గీసి, కోత 0.7 వస్తే ఏమవుతుందో చూడండి. 48 మి.మీ. బోర్డులకు ఫెన్స్‌ను అంతే దూరంలో బిగించి, కోసిన కొత్త అంచునే మళ్లీ దానికి ఆనిస్తూ పోతే రెండో బోర్డు 0.3 మి.మీ. పక్కకు జరుగుతుంది, మూడోది 0.6, నాలుగోది 0.9. చివరి బోర్డులో అంచు ట్రాకు (కరెంటు పారే రాగి గీత) తెగిపోతుంది. షీటు ఫ్యాక్టరీ అంచును కూడా నమ్మకుండా ముందు ఒక మి.మీ. కోసేసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. అంచున 0.5 మి.మీ. మేర రాగి లేకుండా గీయాలి. 230 వోల్టుల ట్రాకులైతే 3 మి.మీ. అన్నా లోపలికి ఉంచాలి.

క్రమం ఇది: ఎచింగ్, డ్రిల్లింగ్, ఆ తర్వాతే కోత. పెద్ద షీటును డ్రిల్లు కింద పట్టుకోవడం సులువు. బ్లేడు బోర్డు పైకి 2, 3 మి.మీ. తేలితే చాలు. పళ్ల బ్లేడు ముందువైపు కిందికి దిగుతుంది కాబట్టి అంచు చిట్లేది కింది ముఖంలోనే, అందుకే రాగి వైపు పైకి ఉండాలి. రెండు వైపులా రాగి ఉంటే కింద మాస్కింగ్ టేపు అంటించాలి. రంపం బల్ల మీది గాడి వెడల్పుగా ఉంటే చిన్న ముక్కలు అందులో పడి ఇరుక్కుంటాయి. దాని మీద 3 మి.మీ. యాక్రిలిక్ షీటు కదలకుండా బిగించి, తిరుగుతున్న బ్లేడును నెమ్మదిగా పైకి లేపి కొత్త గాడి చేసుకోవాలి. పది సెంటీమీటర్ల కోతకు అర నిమిషం పట్టనివ్వాలి. 25 మి.మీ. కన్నా చిన్న ముక్కను వేళ్లతో తోయొద్దు, ప్లైవుడ్ ముక్కకు డబుల్ టేపుతో అంటించి తోయాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గ్లౌజులు మాత్రం వద్దు, బ్లేడు వాటిని పట్టిందంటే వేలినీ లాక్కుంటుంది.

వజ్రపు బ్లేడు కోయడం మానేస్తే అది అరిగిందనుకోనక్కర్లేదు. ఎపాక్సీ పట్టి నున్నబడి ఉంటుంది. ఇటుక ముక్కలోకి రెండు మూడు సార్లు పోనిస్తే మళ్లీ కోస్తుంది.

గాజు దుమ్మును తేలిగ్గా తీసుకోకూడదు. చర్మానికి దురద, కళ్లకు మంట, ఊపిరితిత్తులకు హాని. కర్చీఫ్ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు ముఖానికి గట్టిగా అతుక్కోవాలి. మన ఎండల్లో ఫ్యాను లేకుండా కూర్చోవడం కష్టమే, కానీ ఫ్యాను తిరిగితే దుమ్ము వంటింటిదాకా పోతుంది. బ్లేడు కింద హెపా ఫిల్టరు (సన్న దుమ్మును ఆపేది) ఉన్న వాక్యూమ్ పైపు పెట్టాలి, లేదా కింది తొట్టిలో తడి స్పాంజి బ్లేడు అంచుకు తగిలేలా ఉంచి తడిగా కోయాలి. తడి కోతలో మోటారు మీద నీళ్లు చిమ్మకుండా అడ్డు రేకు ఉండాలి. పేపర్ ఫినాలిక్ నీళ్లు పీలుస్తుంది కాబట్టి దాన్ని పొడిగానే కోయాలి. పనయ్యాక బ్లోయరుతో ఊదొద్దు, తడిబట్టతో తుడవాలి. పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి.

అంచు నునుపు చేయడానికి కడప బండ ముక్కను మించింది లేదు, సమతలంగా ఉంటుంది, కదలదు. దాని మీద 220 నంబరు వాటర్ పేపరు పరిచి తడిపి, రాగి వైపు నుంచి లోపలికి ఒకే దిశలో రుద్దాలి. ఎదురు దిశలో రుద్దితే రాగి లేస్తుంది. తర్వాత 400. కడిగి ఎండలో గంట ఆరబెట్టాకే సోల్డరింగ్.

కాంపొనెంట్లు బిగించాక కోయాల్సి వస్తే సిరామిక్ కెపాసిటర్లను కోత గీతకు కనీసం 5 మి.మీ. దూరంలో, గీతకు సమాంతరంగా పెట్టాలి. బోర్డు వంగితే అవి లోపల చిట్లుతాయి. ఆ పగులు పైకి కనిపించదు, కొన్నాళ్లకు షార్టు అవుతుంది.