బెల్లం రంగు సీసా

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఉదయం స్నానాల గదిలోని అలమర సర్దుదామని కూర్చుంటే, వెనక వరుసలో పాత దువ్వెనల చాటున ఒక చిన్న ముదురు గాజు సీసా దొరికింది. కిందటేడు దసరా బోనస్ చేతికందిన వారంలోనే పదహారు వందల యాభై రూపాయలు పోసి కొన్న, ముఖానికి చుక్కలుగా రాసుకునే విటమిన్ సి సీరమ్ అది. మూత తిప్పి ఒక చుక్క అరచేతిలో వేసుకుని చూస్తే, కొన్ననాడు నీళ్లలా తేటగా ఉన్న ద్రవం అనకాపల్లి బెల్లం పాకంలా ఎర్రగా మారిపోయి, తుప్పు పట్టిన ఇనుమును తలపించే వాసన వేసింది. ముప్పై మిల్లీలీటర్ల సీసాలో సగం అలాగే మిగిలి ఉంది. ఆడిటరు గారి ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా ఖాతాలు రాస్తున్నదాన్ని కాబట్టి, ఎనిమిది వందల పాతిక రూపాయలు నష్టపద్దు కింద రాయాలన్న ఆలోచన నాకు ముందుగా వచ్చింది.

ఆ సీసా పాడైపోవడానికి కారణం తయారీదారు కాదు, నేనే. ఖరీదైనదని దాన్ని రోజూ వాడలేదు. పెళ్లికో పేరంటానికో వెళ్లే ముందు రోజు మాత్రం రెండు చుక్కలు రాసుకుని, మళ్లీ అలమరలో దాచుకున్నాను. విటమిన్ సి దాచుకునే సరుకు కాదు. నీటిలో కలిపిన ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే ఈ విటమిన్ సి, గాలి, వెలుతురు, వేడి తగిలిన కొద్దీ ఆక్సీకరణం చెంది రంగు మారుతుంది, పని తగ్గిపోతుంది. మన విశాఖ ఉక్కపోతలో, రోజుకు నాలుగుసార్లు వేడినీళ్ల ఆవిరి పట్టే స్నానాల గదిలో, నెలల తరబడి అది నిలబడాలని కోరుకోవడం నా అత్యాశ. అలాగని ధర మొత్తం వట్టి హంగని కొట్టిపారేయనూ లేను. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఒక పత్రంలో, 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరూలిక్ ఆమ్లం చేర్చితే అది మరింత స్థిరంగా ఉంటుందని, ఎండ నుంచి చర్మానికి ఇచ్చే రక్షణ రెట్టింపవుతుందని చూపించారు. అంటే ఇలాంటి వస్తువులో మనం డబ్బు కట్టేది విటమిన్‌కు కాదు, ఆ విటమిన్ చెడిపోకుండా చూసే పనితనానికి. ఆ పనితనానికి కొంత ఎక్కువ ఇవ్వడం న్యాయమే, కానీ కొన్నవాళ్లు మూడు నాలుగు నెలల్లో సీసా ఖాళీ చేయగలిగితేనే.

ఈ లెక్కలో ఉండగానే మధురవాడ నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. మొదటి జీతం ఇంట్లో ఇచ్చింది, రెండోది ఫోనుకు పోయింది, మూడోది మాత్రం ముఖానికట. "పెద్దమ్మా, నువ్వు లెక్కలు బాగా చూస్తావు కదా, నాతో రా" అని మద్దిలపాలెంలోని మాల్‌కు లాక్కుపోయింది. గుమ్మంలో కూర్చుని తోటకూర ఒలుస్తున్న మా అత్తయ్య మమ్మల్ని పైకీ కిందకీ చూసి, "సింహాచలం అప్పన్నకే ఏడాదికోసారి చందనం ఒలుస్తారు, మీకు రోజూ పూయడం, రోజూ కడగడమేనా?" అని నవ్వింది. ఆవిడ ముఖానికి పెసరపిండి తప్ప ఇంకేమీ ఎరగదు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆవిడ బుగ్గలు చూసినప్పుడు నా అలమర మీద నాకే అనుమానం కలుగుతుంది.

అమ్మాయి కన్నేసిన క్రీము యాభై గ్రాములు మూడు వేల నాలుగు వందలు. ఆ డబ్బాను చేతిలోకి తీసుకుంటే మా ఇంట్లోని ఇత్తడి కుంకుమభరిణె కన్నా బరువుగా అనిపించింది. మూత తీసి లోపలికి చూస్తే, అడుగున వేలెడు మందం గాజు పోసి, పైన కొద్ది లోతులోనే క్రీము నింపారు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో చూపించడానికి దాన్ని బడికి పట్టుకెళ్లవచ్చు. కౌంటరు దగ్గర నిలబడిన అమ్మాయి నా ముంజేతి మీద కొంచెం రాస్తే పట్టుగుడ్డలా జారిపోయింది. ఆ జారుడు సాధారణంగా డైమెథికోన్ అనే సిలికోన్ వల్ల వస్తుంది, అదేమీ అపురూపమైన వస్తువు కాదు.

పెట్టె వెనక్కి తిప్పి అక్షరాలు చదివాను. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలి, ఒక శాతమూ అంతకు లోపూ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా వేసుకోవచ్చు. ఈ వరుసలో నాకొక మైలురాయి ఉంది. ఫినాక్సీఇథనాల్ అని క్రీములు బూజు పట్టకుండా కలిపే పదార్థం ఒకటి ఉంటుంది. ఐరోపా నిబంధనలు దాన్ని ఒక శాతానికి మించి వాడనివ్వవు. కాబట్టి జాబితాలో దాని తరువాత వచ్చే పేర్లన్నీ దాదాపుగా శాతంలో ముక్కలే అనుకోవచ్చు. ఈ డబ్బా మీద ముందు నీరు, తరువాత గ్లిజరిన్, తరువాత ఆ సిలికోన్, ఇంకా ఏవో మైనాలు, ఆ పైన ఫినాక్సీఇథనాల్, అది దాటాక సుగంధం, సుగంధం కూడా దాటాక పెట్టె ముందు భాగాన బంగారు అక్షరాలతో వెలిగిపోతున్న ఆ మంచుకొండల పువ్వు సారం ఉన్నాయి. ఇంటికి పిలిచిన పెద్దమనిషిని వాకిట్లోనే నిలబెట్టినట్టుంది. గ్లిజరిన్ మంచిదే, చర్మంలో తేమను నిలుపుతుంది, కానీ అది మందుల దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. తేమను బయటికి పోనివ్వకుండా కాపాడే పనిలో, 1872లో అమెరికాలో పేటెంటు పొందిన వాసెలిన్‌ను మించినవి నేటికీ అరుదు. "ఒట్టి తేమ కోసమే అయితే ఇంత పెట్టవద్దు" అన్నాను. సీరమ్‌లున్న అరలో ఆగి, రెటినాల్ (విటమిన్ ఎ) లాంటివి కొనాలనిపిస్తే నోరు వెడల్పాటి డబ్బాలో వేలు ముంచి తీసేవి కాకుండా, వెలుతురు చొరని గొట్టంలోనో గాలి చొరబడని పంపు సీసాలోనో వచ్చేవి చూడమన్నాను, ఎందుకంటే అక్కడ సీసా కూడా మందులో భాగమే.

ముఖం కడుక్కునే ద్రవాల దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. అర నిమిషంలో నీళ్లతో పాటు తూములో పోయేదానికి విటమిన్లు దేనికి?

నాకు నిజంగా చెప్పాలనిపించింది సన్‌స్క్రీన్ గురించి, ఎందుకంటే నేను ఓడినదీ గెలిచినదీ అక్కడే. నలభై దాటాక నా రెండు బుగ్గల మీద మంగు వచ్చింది. ద్వారకానగర్ ఆఫీసులో నా బల్ల కిటికీ పక్కనే ఉంది, అతినీలలోహిత కిరణాల్లో ఎ రకం అద్దం దాటి కూడా లోపలికి వస్తుంది. అప్పట్లో నేను పొదుపు పేరుతో రెండు వందల ఇరవై రూపాయల గొట్టం కొనేదాన్ని. అది రాసుకుంటే ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబడేది, సిటీ బస్సులో ఆశీల్‌మెట్ట చేరేలోపు చెమటకు కరిగి కళ్లలో పడి మండేది. వారం రోజులు ఓర్చుకుని మానేశాను. దాని మీద ఎస్పీఎఫ్ 50 అని, ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె, రాసి ఉన్నమాట నిజమే, కానీ ఆ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున మందంగా పూసి కొలుస్తారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితేనే ముఖానికీ మెడకూ సరిపడే మోతాదు అవుతుంది. బఠాణీ గింజంత రాసుకుంటే ఆ అంకె మనకు వర్తించదు. ఇక అంకెల మీద పోటీ కూడా వృథాయే, ఎస్పీఎఫ్ 30 బి రకం కిరణాల్లో 97 శాతం వరకూ ఆపితే, 50 ఆపేది 98 శాతం.

మా చర్మవైద్యురాలు చూసి, మంగుకు ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, మన చామనఛాయ చర్మాల్లో కంటికి కనిపించే వెలుగు కూడా కారణమవుతుందని, దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ కావాలని చెప్పారు. అది యాభై గ్రాములు తొమ్మిది వందల యాభై. మొదట గుండె గుభేలుమంది. రోజుకు గ్రామున్నర చొప్పున ముప్పై మూడు రోజులు వస్తుంది, అంటే రోజుకు ఇరవై తొమ్మిది రూపాయలు. చవక గొట్టం అదే లెక్కన రోజుకు ఏడు రూపాయలకు లోపే పడుతుంది, కానీ అది ఏడు రోజులు వాడి అలమరలో పడేసిన గొట్టం. తెల్లబడకుండా, చెమటకు కారకుండా ఉండటం వల్ల ఈ ఖరీదైనదాన్ని రెండేళ్లుగా ఒక్కరోజు కూడా మానకుండా రాసుకుంటున్నాను. మంగు పూర్తిగా పోలేదు గానీ, అద్దంలో ముందు అదే కనిపించే స్థితి పోయింది. అయితే ఇది కూడా అందరికీ చెప్పే మాట కాదు. మంగు లేని మా అమ్మాయికి ఐదు వందల లోపు దొరికే తేలికపాటి జెల్ చాలు, మిగిలిన డబ్బుతో రెండో గొట్టం కొనుక్కుని ధారాళంగా పూసుకోవడమే మేలు.

చవకదంతా మంచిదన్న భ్రమ కూడా నాకు లేదు. పెళ్లయిన కొత్తలో పక్కింటావిడ మాట విని, డాక్టరు చీటీ అడగని ఒక దుకాణంలో ముఖం తెల్లబడే క్రీము కొని ఐదు నెలలు రాశాను. మొదటి నెల అందరూ మెచ్చుకున్నారు. ఆ తరువాత పొయ్యి దగ్గర నిలబడితే చాలు ముఖం కందిపోయేది, మానేస్తే బుగ్గల నిండా పొక్కులు. అందులో స్టెరాయిడ్ ఉందని చాలాకాలానికి తెలిసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీ మీదే ఇవ్వవలసిన మందుల జాబితాలో, చేర్చింది. ఆ డబ్బా తొంభై రూపాయలు. నేను ఇంతవరకూ కొన్నవాటిలో అత్యంత ఖరీదైనది అదేనని మా అమ్మాయికి చెప్పాను. మరోవైపు, ముడతలకూ మొటిమలకూ బాగా పరీక్షకు నిలిచిన ట్రెటినాయిన్, 1971 నుంచే అమెరికాలో మొటిమల మందుగా అనుమతి పొందినది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లోని మందుల దుకాణాల్లో మాల్ సీరమ్ కన్నా ఎంతో తక్కువకే వస్తుంది. కానీ అది వైద్యుల చీటీ మీద, గర్భం లేనప్పుడు మాత్రమే వాడవలసింది, నచ్చి కొనుక్కునేది కాదు.

చివరికి అమ్మాయి జెల్ సన్‌స్క్రీన్లు రెండు తీసుకుని, క్రీము వదిలేసి, పదమూడు వందలు పెట్టి ఒక లిప్‌స్టిక్ కొంది. నా వైపు భయం భయంగా చూసింది. నేనేమీ అనలేదు. లిప్‌స్టిక్ ఏ మచ్చనూ మాన్పుతానని చెప్పదు, ఎర్రగా ఉంటానంటుంది, ఉంటుంది. బిల్లు నా చేతికి రాగానే అలవాటు కొద్దీ పన్ను చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ 5 శాతానికి దిగాయి గానీ, ఈ పూతలన్నీ 18లోనే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చి ఆ బెల్లం రంగు సీసాను చెత్తబుట్టలో పడేశాను. నా కొత్త గొట్టం మీద మార్కరుతో తెరిచిన తేదీ రాసి, అలమరలో కాకుండా పళ్లు తోముకునే బ్రష్షుల పక్కన పెట్టాను. మూడు వేల నాలుగు వందల క్రీముకు మాల్‌లో ఇచ్చిన రెండు నమూనా పొట్లాలు బల్ల మీద మరిచిపోయి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, అత్తయ్య ఒకటి చింపి, పగిలిన మడమలకు శ్రద్ధగా మర్దనా చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది: "మెత్తగానే ఉందే. రెండో కాలికి ఇంకోటుందేటి?"