ఆర్సీ లేని బండి: బరంపురం నుంచి చెన్నైకి పికప్‌లో కార్ట్

నిన్న రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాం. ఒళ్ళు నొప్పులు ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. చల్లారాక రాద్దామనుకుంటే సగం మర్చిపోతానని పొద్దున్నే షాపుకి కూడా వెళ్ళకుండా కూర్చున్నాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి పిల్లల రేసింగ్ కార్ట్‌ని (ట్రాక్ మీద మాత్రమే నడిపే, పైకప్పు లేని చిన్న రేసు బండి) రోడ్డు మీద తీసుకెళ్ళాలనుకునే అమ్మానాన్నలు ఎవరున్నా ఇది చదవండి.

మావాడికి పద్నాలుగేళ్ళు. కార్ట్ రేసుల్లో జూనియర్ మ్యాక్స్ అనే పిల్లల విభాగంలో నడుపుతాడు. 125 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిను, నీళ్ళతో చల్లబడేది. మాకు దగ్గర్లో ట్రాక్ లేదు కాబట్టి చెన్నై దాటి శ్రీపెరుంబుదూర్ వైపు ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

పికప్ దొరకడం కష్టం కాలేదు. రానూపోనూ, మధ్యలో మూడు రోజులు ఆగడానికీ కలిపి 40 వేలకి మాట్లాడుకున్నాం. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి చిన్న పికప్పే చూసుకోండి. కార్ట్ ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. ఎనిమిదడుగుల తొట్టిలో అది పోగా టూల్ బాక్సూ టైర్లూ పెట్టుకునే చోటు మిగులుతుంది.

కట్టడం మాత్రం నేనే కట్టాను, డ్రైవరు బాబాయిని ముట్టుకోనివ్వలేదు. ముందుండే నోస్ కోన్, పక్కలకుండే సైడ్ పాడ్లు (ప్లాస్టిక్ తొడుగులు) విప్పేసి పాత దుప్పట్లలో చుట్టాను. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేశాను. లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపే ఆ మిశ్రమాన్ని అక్కడికి వెళ్ళాక కలుపుకోవచ్చు, దారి పొడుగునా పెట్రోలు డబ్బాతో ప్రయాణం దేనికి? సైలెన్సర్ మూతికీ కార్బురేటర్ మూతికీ గుడ్డలు కుక్కి, పైన ప్లాస్టిక్ కట్టాను. తొట్టి అడుగున చెక్క దిమ్మలు పరిచి, రాచెట్ బెల్టులు నాలుగు మూలలా ఫ్రేమ్ గొట్టాలకే వేశాను. వెనక యాక్సిల్‌కి గానీ, స్టీరింగ్ నుంచి ముందు చక్రాలకి పోయే సన్నటి టై రాడ్లకి గానీ బెల్టు తగలకూడదు. వంద కిలోమీటర్లకోసారి ఆగి బెల్టు బిగువు చూసుకోవాలి. కొత్త బెల్టు మొదటి గంటలో తప్పకుండా వదులవుతుంది. వెళ్ళి వచ్చిన రెండు వేల కిలోమీటర్లలో నా కట్టు ఒక్క అంగుళం జరగలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నవాణ్ణి.

ఇక అసలు సంగతి.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఇచ్ఛాపురం దాటాక టీ తాగాం. ఇంకో గంట పోయామో లేదో, రోడ్డు పక్కన ఒక తనిఖీ బృందం చెయ్యి అడ్డం పెట్టింది. ఏ ఆఫీసు వాళ్ళో, ఏ ఊరి దగ్గరో రాయను. సన్నగా తుంపర పడుతోంది.

"లోపలేంటి?"

"రేసింగ్ కార్ట్ సార్. మా అబ్బాయిది, పోటీకి తీసుకెళ్తున్నాం."

"బండా? ఆర్సీ చూపించు."

"దీనికి ఆర్సీ ఉండదు సార్."

ఆ ఒక్క మాటతో వ్యవహారం మారిపోయింది. నేను 'ఉండదు' అన్నాను, ఆయన 'లేదు' అని విన్నాడు. పక్కనున్న మనిషితో "ఆర్సీ లేదంట" అన్నాడు. ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో చెప్పడానికి నాకు ఆరు గంటలు పట్టింది.

ఇంజినుంది, స్టీరింగుంది, నాలుగు చక్రాలున్నాయి, మరి ఆర్సీ ఎందుకుండదని అడిగాడు. నేను ఓపిగ్గానే చెప్పాను. హెడ్‌లైటు లేదు సార్, హారన్ లేదు, ముందు చక్రాలకి బ్రేకు లేదు, ఫ్రేమ్ నేలకి అంగుళంన్నర ఎత్తులో ఉంటుంది, ఇది రోడ్డెక్కే వస్తువు కాదన్నాను. ప్రహరీ లోపల నడపడానికే తయారుచేసిన ప్రత్యేక వాహనం మోటారు వాహనం కిందికి రాదని చట్టంలోనే ఉందని కూడా చెప్పాను. "మాకే చట్టం నేర్పుతున్నావా?" అన్నాడు. సెక్షన్ నంబరు అడిగితే ఆ క్షణంలో నోట రాలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2, క్లాజు 28.

ఒడిశా నంబరు బండి, పైన బరకం, లోపల కాగితాల్లేని ఇంజిను. వాళ్ళ అనుమానం ఎటు పోయిందో మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. గంజాయి. వెతకడం వాళ్ళ ఉద్యోగం, దాన్ని నేను తప్పుపట్టను. వెతికిన తీరు మాత్రం చచ్చేదాకా మర్చిపోను.

అంతా దింపమన్నారు. ఎదురుగా ఉన్న ధాబా నుంచి ఇద్దరు కుర్రాళ్ళని పిలిపించారు. బెల్టులు నేను విప్పుతాను, ఎక్కడ పట్టుకోవాలో చూపిస్తాను అని బతిమాలాను. వినలేదు. ఒకడు వెనక బంపర్ పట్టుకున్నాడు, ఇంకొకడు ముందువైపు టై రాడ్ పట్టుకుని ఎత్తాడు. డ్రైవర్ కాకుండా కార్ట్ 75, 80 కిలోలుంటుంది. ఆ బరువులో సగం వేలి మందం రాడ్డు మీద పడింది. "అక్కడ పట్టుకోవద్దు అన్నా" అని మావాడు అరిచాడు. కార్ట్ దభీమని తారు రోడ్డు మీద పడింది.

ఆ తర్వాత మావాడి బ్యాగ్ బోర్లించారు. రేసు సూట్, గ్లౌజులు, పక్కటెముకలకి కట్టుకునే గార్డు, అన్నీ తడి నేల మీద. హెల్మెట్ లోపలి స్పాంజి లాగి చూసి, దాన్ని అద్దం కిందికి వచ్చేలా బురదలో పెట్టారు. వాడు ఏమీ అనలేదు. వంగి హెల్మెట్ తీసుకుని, చొక్కా అంచుతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఆగి ఉన్న లారీల డ్రైవర్లు దిగి వచ్చి చుట్టూ నిలబడి చూస్తున్నారు. కన్నకొడుకు ముందు దొంగలా నిలబడటమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అప్పుడొకతను ఇంజిన్ దగ్గర కూర్చున్నాడు. ఈ ఇంజిన్లకి ఒక సీలు ఉంటుంది. బోల్టు తలలోంచి పోయిన సన్నటి ఉక్కు తీగ, దాని కొసన గోరంత అల్యూమినియం ముక్క, దాని మీద నంబరు. ఇంజిన్ లోపల ఎవరూ మార్పులు చెయ్యలేదని చెప్పేది అదే. ఆ తీగ తెగితే పోటీకి ముందు జరిగే పరిశీలనలోనే ఆ ఇంజిన్ని పక్కన పెడతారు. అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఇంజిను పరీక్ష చేయించి మళ్ళీ సీలు వేయించుకోవాలి. అతను ఆ ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెలిపెడుతూ "లోపలేం దాచారు, సీలేశారు?" అన్నాడు.

నేను వెళ్ళి నా అరచెయ్యి దాని మీద పెట్టాను. తియ్యమన్నాడు. తియ్యనన్నాను. "నన్ను పట్టుకెళ్ళండి సార్, బండిని ఇక్కడే ఉంచుకోండి, ఈ తీగ మాత్రం తెంపకండి" అన్నాను. గొంతు వణికింది, కానీ చెయ్యి తియ్యలేదు. డ్రైవరు బాబాయి వచ్చి నా భుజం పట్టుకుని "బాబూ, పెద్ద ఆఫీసరు వచ్చేదాకా ఆగుదాం" అన్నాడు. ఆయనకి ఏ సంబంధమూ లేదు. వెళ్ళిపోతానంటే నేను ఆపగలిగేవాణ్ణి కాదు. మధ్యాహ్నం దాకా మాతోనే నిలబడ్డాడు.

పెద్ద ఆఫీసరు పదకొండు దాటాక వచ్చారు. ఆవిడ ముందు మావాణ్ణి "ఏమైనా తిన్నావా?" అని అడిగారు. తర్వాత నన్ను "మీ దగ్గరున్న కాగితాలన్నీ ఇవ్వండి" అన్నారు. పొద్దుట్నుంచీ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు, అందరూ లేని కాగితమే అడిగారు! ఫైల్లోంచి ఇంజిన్ కార్డు తీశాను. ఇంజిన్ నంబరు, సీలు నంబరు రెండూ దాని మీద ఉంటాయి. ఆవిడ ఆ తడి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, సీలుని కదపకుండా, సెల్‌ఫోన్ లైటు వేసి ఒక్కో అంకే చదివారు. మావాడు కార్డులోంచి పైకి చదివాడు. కలిసింది. పోటీకి పేరు నమోదు చేసిన కాగితం చూశారు. కొత్త టైర్లకి బిల్లు అడిగారు, చూపించాను. వాడిన సొంత సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) అక్కర్లేదనీ, అయినా కార్ట్‌లాంటి దాన్ని అలా ఒప్పించడం రోడ్డు మీద కష్టమనీ, ఇంకోసారి ఈ-వే బిల్లు తీసుకుని రమ్మనీ చెప్పారు. పావుగంటలో వదిలేశారు. తెలియని వస్తువు మీద చెయ్యి వేసేముందు అడగాలని మా షాపులో చేరే కుర్రాడికి మొదటి రోజే చెప్తాను. జీతాలు తీసుకుని రోడ్డు మీద నిలబడేవాళ్ళకి ఆ మాత్రం ఎవరూ చెప్పరా?

ట్రాక్ దగ్గర మొదటి పని టేపు తియ్యడం. ముందు చక్రాల మధ్య దూరం ఆ చక్రాల ముందు అంచుల దగ్గర ఒకసారి, వెనక అంచుల దగ్గర ఒకసారి కొలిచాం. ఇంటి దగ్గర రెండు మిల్లీమీటర్ల తేడా పెట్టుకుని బయల్దేరాం, అక్కడ ఎనిమిది వచ్చింది. కుడి టై రాడ్ వంగింది. గాజు బల్ల మీద దొర్లిస్తే మధ్యలో లేస్తూ పడుతూ పోయింది. స్పేర్ రాడ్ ఒకటి వెంట ఉంది కాబట్టి సరిపోయింది. రాత్రి తొమ్మిదింటికి మార్చి, మళ్ళీ కొలిచి పడుకున్నాం. మర్నాడు పరిశీలనలో పోటీవాళ్ళ పరిశీలకుడు ముందుగా చూసింది సీలే. మావాడు మొదటి హీట్‌లో (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసు) పద్నాలుగో స్థానంలో మొదలుపెట్టి ఎనిమిదిలో ముగించాడు. నిద్ర లేదు, సరైన తిండి లేదు, అయినా ఎనిమిది!

కాగితాల సంగతి. బరంపురంలో నాకు "ఏ కాగితమూ అక్కర్లేదు, నేను చూసుకుంటా" అన్న ట్రాన్స్‌పోర్ట్ బ్రోకరు ఆ పొద్దున ఏడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలాంటివాళ్ళ మాట నమ్మకండి. 500 ఇచ్చి చేయించిన నోటరీ అఫిడవిట్‌ని ఎవరూ తెరిచి కూడా చూడలేదు, ఆ డబ్బుతో ఇంకో రాచెట్ బెల్టు కొనుక్కోండి. సెక్షన్ 2(28) ఉన్న పేజీని ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద గీత గీసి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. ఇంజిన్ కార్డు, కొన్న బిల్లు, పోటీ నమోదు కాగితం దాని కింద. మన దగ్గర జీఎస్టీ నంబరు లేకపోయినా ఈ-వే బిల్ పోర్టల్‌లో మామూలు పౌరులకి వేరే దారి ఉంది, తిరుగు ప్రయాణానికి నేను అలాగే తీశాను. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు, మాకు ఆరు రోజులు వచ్చింది. ఆర్సీ అడిగితే "లేదు" అనకండి, "ఉండదు" అని కూడా అనకండి. మాట్లాడకుండా ఆ పేజీ చేతికివ్వండి.

వచ్చేటప్పుడు ఎవరూ ఆపలేదు. అదే చోట డ్రైవరు బాబాయి తనంతట తానే బండి నెమ్మది చేశాడు. తీసిన బిల్లు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. వంగిన రాడ్డుని మావాడు పారేయనివ్వలేదు, హెల్మెట్ సంచిలోనే ఉంది. కార్ట్ ఇంకా మా వాకిట్లో దిమ్మల మీదే ఉంది. సాయంత్రం చైన్ విప్పి డీజిల్‌లో వెయ్యాలి.