కోవాక్సిన్‌తో లండన్ ప్రయాణం: నా అనుభవం

మా అమ్మాయి పురిటికని 2021 అక్టోబర్ ఆఖర్లో హైదరాబాద్ నుంచి లండన్ వచ్చాను. నవంబర్ 22 నుంచి కోవాక్సిన్ అనే కరోనా టీకాని కూడా ఒప్పుకుంటామని ఇక్కడి ప్రభుత్వం నవంబర్ 8న చెప్పింది. అది విన్నాక ఒళ్లు మండి ఇది రాశాను.

వీసా తేలిగ్గానే వచ్చింది. టీకాల నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో పాస్‌పోర్ట్ నంబరు ఎక్కించి, పూర్తి పుట్టినతేదీతో సర్టిఫికెట్ మా అబ్బాయే తీశాడు. పుట్టిన సంవత్సరం మాత్రమే ఉన్న పాత సర్టిఫికెట్ అప్పట్లో ఇక్కడ పనికిరాదు, మార్పించుకోవాల్సి వచ్చేది.

అసలు బాధ శంషాబాద్‌లో. కౌంటర్‌లో అమ్మాయి నా సర్టిఫికెట్ చూసి పక్కన పెట్టేసింది. "కోవాక్సిన్ చెల్లదు మేడమ్. మీరు టీకా వేసుకోనట్టే లెక్క. లండన్‌లో దిగాక ఎనిమిదో రోజు టెస్ట్ బుకింగ్ ఏది?" అంది. రెండో రోజుదొక్కటే ఉంది. హిమాయత్‌నగర్ ట్రావెల్ ఏజెంట్ లొకేటర్ ఫారంలో, అంటే బ్రిటన్ వెళ్లేవాళ్లు ముందే నింపాల్సిన వివరాల ఫారంలో, నన్ను టీకా వేసుకున్నవాళ్లలో రాసేశాడు. నన్ను లైన్లోంచి తప్పించి ఓ మూల నిలబెట్టారు. వెనకాల వచ్చిన కోవిషీల్డ్ కుటుంబం నవ్వుకుంటూ బోర్డింగ్ పాసులు తీసుకెళ్లింది. మావాడు బయట నుంచి ఫోన్లో కార్డు నంబరు చెబుతుంటే, వణికే వేళ్లతో ఫారం మళ్లీ మొదట్నుంచి నింపాను. వాడు పట్టుబట్టి ఆర్‌టీపీసీఆర్ చేయించబట్టి సరిపోయింది, లేకపోతే విమానమే ఎక్కనిచ్చేవాళ్లు కాదు.

నేనేమైనా ఏరికోరి వేయించుకున్నానా? మా బస్తీ ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు ఏది ఉంటే అదే వేశారు. అది శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో, మన ఊళ్లో తయారైన టీకా. పుణెలో తయారైన కోవిషీల్డ్‌నీ బ్రిటన్ వాళ్లు మొదట ఇలాగే తిప్పలు పెట్టారు. మన ప్రభుత్వం అక్టోబర్ 4 నుంచి బ్రిటిష్ వాళ్లకీ పది రోజుల క్వారంటైన్ పెట్టాక, 11 నుంచి దారిచ్చారు. గట్టిగా అడిగినవాళ్ల మాటే చెల్లింది.  

లండన్‌లో దిగాక, టీకా వేసుకోనివాళ్ల లెక్కన పది రోజులు క్వారంటైన్, మేడ మీద గదిలోనే. నేను గడప దాటకూడని రోజుల్లోనే మా అమ్మాయి ప్రసవించింది. దేని కోసం వచ్చానో ఆ పూటే ఆసుపత్రికి పోలేకపోయాను.

అప్పట్లో నవంబర్ 22 లోపు బయల్దేరే కోవాక్సిన్ వాళ్లను వీలుంటే వాయిదా వేసుకోమన్నాను. కుదరకపోతే రెండు టెస్టులూ ముందే కొనమన్నాను. ఫారం మాత్రం ఏ ఏజెంటుకీ అప్పజెప్పొద్దన్నాను.