ఒక్కసారే వచ్చే పెళ్లివారి కోసం

పెళ్లి అలంకరణ పని చేపట్టి నాకు తొమ్మిదేళ్లయింది. ఏడాది పొడుగునా ఈ సంస్థలో ఉండేది నాతో కలిపి నలుగురం. పెళ్లిళ్ల రోజుల్లో మరికొందరు వచ్చి చేయి కలుపుతారు. ఇంత చిన్న వ్యాపారానికి గిరాకీ ఎలా పెంచుకోవాలని, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నన్ను అడిగారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే, అనుభవంలో తేలినదంతా ఒకచోట కుదురుగా రాయడం మేలనిపించింది.

చాలా వ్యాపారాల్లో ఒకసారి వచ్చినవారు పని నచ్చితే మళ్లీ వస్తారు, ఆ రాకపోకల మీదే ఆ వ్యాపారం నిలబడుతుంది. మన పనిలో ఆ వెసులుబాటు లేదు. ఎంత బాగా చేసినా ఆ జంటకు మళ్లీ మన దగ్గరికి రావలసిన అవసరం ఉండదు కాబట్టి, ప్రతి ఏడాదీ పూర్తిగా కొత్త మొహాలనే వెతుక్కోవాలి. అవతలివైపు నుంచి చూస్తే పెళ్లివారికి కూడా ఇది కొత్తే. వేదికకు ఎంత బట్ట పడుతుందో, దీపాలకు ఎంత కరెంటు కావాలో, పూలు ఏ వేళకు వాడిపోతాయో వారికి తెలియదు. తెలియని పనికి, అంతకుముందు చూడని మనిషికి, నెలల ముందుగా అడ్వాన్సు ఇవ్వాలి. ఆ రోజున పని చెడితే మర్నాడు సరిచేసుకునే వీలు లేదు. ధర దగ్గర వారు పట్టే పట్టు వెనక చాలాసార్లు ఈ భయమే ఉంటుంది. మన ప్రచారం అంతా ఈ భయాన్ని తగ్గించే ప్రయత్నంగా ఉండాలన్నదే నేను గట్టిగా నమ్మే సంగతి.

ఈ సంగతి నాకు నేర్పినవారు ఒక పెళ్లికూతురి తల్లిగారు. పని మొదలుపెట్టిన మూడో ఏడు అనుకుంటాను, ఆవిడ పక్కన కూర్చుని ట్యాబ్‌లో మా ఫోటోలు చూపిస్తున్నాను. పూల ద్వారాలు, దీపాల తోరణాలు, కుర్చీల వరసలు అన్నిటినీ ఆవిడ వేలితో జరుపుకుంటూ వెళ్లిపోయారు. మధ్యలో పొరపాటున ఉండిపోయిన ఒక ఫోటో దగ్గర మాత్రం ఆగారు. అది మా కుర్రాడు పని మధ్యలో ఫోనుతో తీసింది: వేదిక వెనక వైపు, ఇంకా బట్ట కట్టని ఇనుప చట్రం, బిగించిన బోల్టులు, స్తంభాల మొదట్లో పెట్టిన ఇసుక బస్తాలు, పైన టార్పాలిన్ అంచు. నేను కంగారుగా పక్కకు జరపబోతుంటే ఆవిడ ఆపి, రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, బస్తాలను కాసేపు చూసి, "వాన పడితే ఇది ఆగుతుందామ్మా?" అని అడిగారు. ఆగుతుందని, ఎలా ఆగుతుందో, గాలి ఎక్కువైతే ముందుగా ఏవి దించుతామో వివరంగా చెప్పాను. ఆ సాయంత్రమే తేదీ ఖాయం చేసుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఫోటోల ఎంపిక మారింది. అందమైనవి తీసేయలేదు, అవి లేకపోతే మన వైపు ఎవరూ చూడరు. కాకపోతే ప్రతి పెళ్లికీ ఇప్పుడు మూడు రకాల ఫోటోలు ఉంచుతున్నాను: పని మొదలుకాకముందు ఖాళీ హాలు, సగం పని అయినప్పటి దృశ్యం, పూర్తయ్యాక అదే చోటి నుంచి అదే కోణంలో తీసిన ఫోటో. ఖాళీ హాలు చూసినవారికి తమ హాలు కళ్లముందు మెదులుతుంది. ప్రతి ఫోటో కింద అది ఎంతమంది అతిథుల పెళ్లి, పని ఎన్ని గంటల్లో పూర్తయింది, ఎంతమంది చేశారు అని రెండు వాక్యాలు రాస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మన పేజీ పైభాగాన మూడు పోస్టులను పిన్ చేసి ఉంచుకునే వీలుంది. ఆ మూడింటిలో ఒకటి తప్పనిసరిగా ఇలాంటి పని దశల పోస్టే. వాడే ఫోటో ఎవరిదైనా సరే, తీసిన ఫోటోగ్రాఫర్ నుంచి, అందులో కనబడే జంట నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఫోటో మీద హక్కు ఎవరిదన్నది ఆయా దేశపు చట్టాన్ని, రాసుకున్న ఒప్పందాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అడ్వాన్సు తీసుకునే కాగితంలోనే ఆ ఒక్క వాక్యం చేర్చుకుంటే తరువాత మాట రాదు.

గూగుల్‌లో మన సంస్థ కనబడేలా చూసుకోవడం ఖర్చు లేని పని, అయినా చాలామంది దాన్ని సగంలో వదిలేస్తున్నారు. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా మొదలై, 2021లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మారిన ఈ సదుపాయంలో, దగ్గరలోని వ్యాపారాలను ఏ వరసలో చూపాలన్నది ప్రధానంగా మూడు అంశాల మీద ఆధారపడుతుందని గూగుల్ సంస్థే చెబుతుంది: వెతికినదానికి మన పని ఎంత సరిపోతుంది, వెతికేవారికి మనం ఎంత దూరంలో ఉన్నాం, మనకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగిలిన రెండింటికీ మనం చేయగలిగింది ఉంది. వ్యాపార రకం దగ్గర మనం నిజంగా చేసే పనినే ఎంచుకోవడం, సేవలను ఒక్కొక్కటిగా విడదీసి రాయడం, ఫోను నంబరు, పని వేళలు మారిన రోజే మార్చడం చిన్న పనులే. పాత నంబరు ఉండిపోయినందువల్ల నేనొక పెళ్లిళ్ల కాలంలో ఎన్ని ఫోన్లు పోగొట్టుకున్నానో లెక్క తెలియదు.

సమీక్షల విషయంలో మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బహుమతి ఇచ్చో, ధర తగ్గించో సమీక్ష రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. సంతోషించినవారినే ఏరి అడగడం, నచ్చనివారిని రాయకుండా ఆపడం కూడా విరుద్ధమే. నిబంధన ఉన్నా లేకపోయినా, ఎదుటివారి భయాన్ని తగ్గించాలనుకునేవారు అబద్ధపు సాక్ష్యం పెట్టకూడదు. నేను పెళ్లయిన నాలుగో రోజో అయిదో రోజో, ఇల్లు కాస్త సద్దుమణిగాక, అందరికీ ఒకే సందేశం పంపుతాను. "బాగుందని రాయండి" అనను. "మమ్మల్ని మాట్లాడుకునేముందు మీకున్న సందేహం ఏమిటి, ఆ రోజున ఏం జరిగింది, రెండు మాటలు రాయగలరా అండీ?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు "చాలా బాగా చేశారు" దగ్గర ఆగవు. ఒకరు కరెంటు పోతే ఏమవుతుందోనని భయపడ్డామని రాస్తారు, ఇంకొకరు చెప్పిన వేళకు వస్తారో రారోనని నిద్రపట్టలేదని రాస్తారు. అదే భయంతో వచ్చి చదివేవారికి ఆ జవాబు సూటిగా తగులుతుంది. అసంతృప్తితో రాసినవారికి కూడా నేనే జవాబిస్తాను, వాదించకుండా, జరిగినదేమిటో, దాని తరువాత పద్ధతిలో ఏం మార్చుకున్నామో చెప్పి ముగిస్తాను. ఆ జవాబును సమీక్ష రాసినవారి కంటే రేపు మనల్ని వెతుక్కుంటూ వచ్చేవారే ఎక్కువగా చదువుతారు.

వాకబు చేసినవారికి ఎంత త్వరగా బదులిస్తాం అన్నదాన్ని మన రంగంలో తక్కువగా చూస్తారు. 2011 మార్చి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలోని 2,241 సంస్థలను పరీక్షించి చూసింది. వాకబుకు నెల రోజుల లోపల స్పందించిన సంస్థలు సగటున 42 గంటలు తీసుకున్నాయి; 23 శాతం సంస్థలు అసలు బదులే ఇవ్వలేదు. గంట లోపల పలకరించిన సంస్థలకు, ఆ పైన ఒక్క గంట ఆలస్యం చేసిన వాటికంటే దాదాపు 7 రెట్లు ఎక్కువగా అసలు మాట్లాడవలసిన మనిషితో పనికొచ్చే సంభాషణ సాధ్యమైందని అదే వ్యాసంలో చెప్పిన మరో అధ్యయనంలో తేలింది. అవి పెళ్లి పనుల మీద చేసిన అధ్యయనాలు కావు, అయినా నా అనుభవం వాటికి దూరంగా లేదు. పెళ్లివారు ఒక రాత్రి కూర్చుని నలుగురైదుగురికి ఒకే సందేశం పంపుతారు. ముందుగా, మనిషి మాట్లాడినట్లు జవాబిచ్చినవారితో మనసు అక్కడే సగం కుదిరిపోతుంది. పెళ్లి పనిలో తలమునకలుగా ఉన్నప్పుడు జవాబివ్వడం కష్టమే. అందుకు 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ బాగా ఉపయోగపడుతోంది: మనం పనిలో ఉన్నప్పుడు దానంతటదే వెళ్లే సందేశం, తరచుగా పంపే జవాబులను దాచుకునే సౌకర్యం, ఎవరు ఏ దశలో ఉన్నారో గుర్తుపెట్టుకునే లేబుళ్లు, పనుల కేటలాగు అందులో ఉన్నాయి. దానంతటదే వెళ్లే సందేశంలో "త్వరలో సంప్రదిస్తాం" అని నేను రాయను. ఏ వేళకు ఫోన్ చేస్తానో రాసి, ఆ వేళకు చేస్తాను. చెప్పిన వేళకు చేసే ఆ ఫోనే మన పనితనానికి వారు చూసే మొదటి నమూనా.

ఇక మన వ్యాపారానికి అసలైన ఊట తోటి పనివారి దగ్గర ఉంది. జంట మళ్లీ రాదు కానీ, హాలు మేనేజరు, ఫోటోగ్రాఫరు, కేటరింగ్ చేసేవారు, మేకప్ చేసేవారు వచ్చే వారం ఇంకో పెళ్లిలో ఉంటారు, ఆ పై వారం మరొకదానిలో. పెళ్లివారు ఒకరిని మాట్లాడుకోగానే "మీకు తెలిసిన డెకరేషన్ వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని వారినే అడుగుతారు. ఆ క్షణాన వారి నోట మన పేరు రావాలంటే కార్డులు పంచితే చాలదు, మనతో పని చేయడం వారికి సులువుగా ఉండాలి. ఫోటోగ్రాఫరును ముందురోజే పిలిచి వెలుతురు ఎటునుంచి కావాలో అడగడం, కేటరింగ్ వారి సామాను వచ్చే దారికి మన స్తంభాలు అడ్డుపడకుండా చూడడం, హాలును తెల్లారేసరికి ఒక్క మేకు, ఒక్క పూరేకు లేకుండా అప్పగించడం, ఇవన్నీ నా లెక్కలో ప్రచారమే. ఒక హాలు మేనేజరు నాకు వరసగా బేరాలు పంపడం మొదలుపెట్టినప్పుడు కారణం అడిగితే, "మీరు వెళ్లాక మా వాళ్లకు ఊడ్చే పని ఉండదండీ" అన్నారు. అలంకరణ గురించి ఒక్క మాట అనలేదు.

పని పూర్తయ్యాక ఆ పెళ్లిలో పనిచేసిన అందరికీ వారి వారి పని కనబడే ఫోటోలు, అనుమతి తీసుకున్నవి, ఏరి పంపుతాను. కేటరింగ్ వారికి వడ్డన బల్లల ఫోటో, హాలు వారికి హాలు నిండుగా కనబడే ఫోటో. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టును రెండు ఖాతాల పేరుతో పెట్టే కొలాబ్ సదుపాయం 2021లో వచ్చాక, ఫోటోగ్రాఫరుతో కలిసి పెట్టే పోస్టు ఇద్దరి అనుచరులకూ చేరుతోంది. బేరం పంపినందుకు కమిషన్ ఇవ్వాలా అన్న ప్రశ్న వస్తుంది. నేను ఇవ్వను, తీసుకోను. కమిషన్ కోసం చెప్పిన పేరుకు, నమ్మి చెప్పిన పేరుకు తేడా పెళ్లివారికి తెలిసిపోతుంది. తెలిసిన రోజున ఇద్దరి మాటా పోతుంది. ఇచ్చే పద్ధతి పెట్టుకున్నవారు కనీసం పెళ్లివారికి దాచకుండా చెప్పాలి.

డబ్బు పెట్టి చేసే ప్రకటనల విషయంలో నేను దెబ్బతిన్నాను. నాలుగో ఏట ఒక ప్రచార సంస్థ ఆరు నెలలకు ఒప్పందం చేసుకుని, మా పేజీకి వేలకొద్దీ అనుచరులను తెచ్చింది. వారిలో మేము పనిచేయగల దూరంలో ఉన్నవారు బహు కొద్దిమంది. ఆ ఆరు నెలల్లో ఆ దారిన ఒక్క తేదీ ఖాయం కాలేదు, పైగా సంబంధం లేని ప్రశ్నలకు జవాబులిస్తూ నిజమైన వాకబులకు ఆలస్యం చేశాను. ఆ సంస్థ మీద కోపం చాలాకాలం ఉంది, కానీ ఎన్ని తేదీలు ఖాయమయ్యాయన్నది కొలమానంగా పెట్టకుండా ఒప్పందం మీద సంతకం చేసింది నేనే. ఇప్పుడు ప్రకటన ఇచ్చినా, వెళ్లి పని చేయగల దూరానికే పరిమితం చేసి, ఖాళీగా ఉన్న తేదీలను పేర్కొని, కొద్ది రోజులే నడుపుతాను.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఒక నోటు పుస్తకం చాలు. వాకబు చేసిన ప్రతివారినీ "మా గురించి మీకెలా తెలిసిందండీ?" అని అడిగి, తేదీ, దారి, చివరికి ఖాయమైందా లేదా, కాకపోతే ఎందుకు అని రాసుకుంటాను. పెళ్లివారు నెలల ముందుగానే మాట్లాడుకుంటారు కాబట్టి ఈ నెల చేసిన ప్రయత్నం ఫలితం ఈ నెలలోనే చూడాలనుకోవద్దు. ఒక ఏడాది రాసుకుంటే గాని దారి స్పష్టం కాదు. మా పుస్తకంలో అన్నిటికంటే పెద్ద వరస తోటి పనివారిది, దాని తరువాతది మేము అలంకరించిన పెళ్లికి అతిథులుగా వచ్చినవారిది. ఇన్‌స్టాగ్రామ్ మూడోది. అయితే మొదటి రెండు దారుల్లో వచ్చినవారు కూడా ఫోన్ చేసేముందు ఆ పేజీ చూసే వస్తున్నారని వారి మాటల్లోనే తెలుస్తుంది, అందుకే దాన్ని నిర్లక్ష్యం చేయడం లేదు.

పెళ్లిళ్లు లేని ఈ నెలల్లో మా వెబ్‌సైటులో ప్రశ్నల పేజీ తిరగరాస్తున్నాను. ధర ఎక్కడ మొదలవుతుంది, అడ్వాన్సు ఎంత, తేదీ మారితే ఏం చేస్తాం, నాకే ఒంట్లో బాగోకపోతే పని ఎవరు చూస్తారు అన్నవన్నీ పెళ్లివారు అడిగిన మాటల్లోనే పెడుతున్నాను. మొదటి ప్రశ్న, ఆ తల్లిగారు అడిగినట్లే, "వాన పడితే ఇది ఆగుతుందామ్మా?" దాని కింద ఇసుక బస్తాల ఫోటో.