ప్రేమ లేకపోతే కాపురం నిలవదా?

"ఆ ఫైలు తెమ్మని చెప్పానా లేదా?" పెద్దాయన గొంతు పెంచేసరికి హాస్పిటల్ వెయిటింగ్ హాల్లో అందరం తల తిప్పాం.

పక్కనున్న ఆయన భార్య ఏమాత్రం తగ్గలేదు. "చెప్తే తేనా?" అంటూనే ఆయన ముక్కు మీంచి కళ్ళజోడు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టేసింది. ఆయన తల కాస్త ముందుకు వంచాడంతే. గొడవ మాత్రం ఆగలేదు!

దీన్ని ప్రేమ అనాలా, అలవాటు అనాలా?

స్టెర్న్‌బర్గ్ అనే సైకాలజిస్టు 1986లో ప్రేమను మూడు పాళ్ళుగా విడదీశాడు: మోహం, చనువు, కట్టుబడి ఉండటం. మోహం త్వరగా పొంగి త్వరగా చల్లారుతుందట. కట్టుబడి ఉండటం నిదానంగా బలపడుతుందట. నాకు నచ్చిన లెక్కే. మొదట్లో గుండె దడదడలాడకపోయినా నిలబడ్డ కాపురాలు చాలానే చూశాను.

అలాగని ఏళ్ళ తరబడి కలిసున్నారు కాబట్టి బాగున్నారని మాత్రం అనను. వేరే దారి లేక ఉండిపోయినవాళ్ళూ ఆ లెక్కలోకే వస్తారు (వాళ్ళను అడిగేదెవరు?). మోహం లేకపోతే సర్దుకుపోవచ్చేమో. ఎదుటి మనిషంటే ఇష్టమే లేకపోతే రోజూ ఆ ముఖమే చూస్తూ గడపడం... అబ్బే, నావల్ల కాదు.