రెండు పాత ఫైబర్ బోట్లల్ల ఏది కొనాలె?

ఒకటి కొత్త రంగుతో మెరుస్తుంటది, ఇంజన్ కూడా ఈమధ్యదే. రెండోదాని ఒళ్లంతా గీతలు, ఇంజన్ పాతది. ధరల పెద్ద తేడా ఉండదు. సాగర్ బ్యాక్‌వాటర్ మీద వైజాగ్ కాలనీ దిక్కయినా, శ్రీశైలం నీళ్ల మీద సోమశిల దిక్కయినా వేటకు పాత బోటు వెతికేటోళ్లకు ఇట్లాంటి బేరమే తగులుతుంటది. అందరి కన్నూ ఇంజన్ మీదనే పడుతది. ముందు చూడాల్సింది మాత్రం ఆ ఇంజన్‌ను మోసే వెనక పలకను.

పైకి ఫైబరే గానీ, చాలా బోట్లల్ల ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటది. బోల్టు రంధ్రాల దగ్గర సీలెంట్ ఊడితే నీళ్లు దాంట్లకు దిగుతయి. రెండు దిక్కులా ఫైబర్ కప్పి ఉంటది కాబట్టి ఎంత ఎండల పెట్టినా ఆరదు, కట్టె కుళ్లుతది. స్క్రూడ్రైవర్ పిడితో బెత్తెడు బెత్తెడుకు కొట్టి వినండి. గట్టి కట్టె టక్కుమంటది, కుళ్లిన చోట చప్పుడు మొద్దుగ వస్తది. తర్వాత ఇంజన్ కింది కాలు (నీళ్లల్ల మునిగే భాగం) పట్టుకొని పైకీ కిందికీ ఊపాలె. బోటు మొత్తం కదిలితే సరే. పలక ఒక్కటే వంగుతున్నా, మూలల్ల సన్న పగుళ్లు నోరు తెరుస్తున్నా ఆ బోటు వద్దు. ఇంకా అనుమానముంటే, అమ్మేటాయన ఒప్పుకుంటే, లోపలి దిక్కు కింది భాగంల 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేసి చూడాలె. పొడి పొట్టు వస్తే మంచిదే. నల్లటి తడి పిప్పి వస్తే కట్టె పోయినట్టే. చూసినంక ఎపాక్సీ జిగురుతో మూసెయ్యాలె.

ఇక బోటు అడుగు భాగం. వేసవిల నీళ్లు దిగితే బోటును రాళ్ల మీద గుంజక తప్పదు. పై పూతల గీతలుంటే భయం లేదు. పూత అరిగి లోపలి ఫైబర్ పోగులు బయటపడితే అక్కడ నీళ్లు పీల్చుకుంటది, బరువెక్కుతది. అడుగుకు మాత్రమే కొత్త రంగేసి ఉంటే ఎందుకేసిండ్రో అడగాలె.

ఇంజన్‌ను చల్లగున్నప్పుడే స్టార్ట్ చేయించాలె. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్ మీద చెయ్యి పెడితేనే తెలుస్తది. పక్కనుంచి నీళ్ల ధార ఆగకుండ రావాలె, లేకుంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లను తోడే చక్రం, అంటే ఇంపెల్లర్ అరిగిందో, దారి పూడిందో. రెండు స్పార్క్ ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగ తెరిచి తాడు గుంజుతూ కంప్రెషన్ (సిలిండర్ లోపలి గాలి ఒత్తిడి) కొలవాలె. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటొద్దు. కింది గేర్ ఆయిల్ స్క్రూ వదులు చేసి చూడండి: పాల లెక్క తెల్లగుంటే నీళ్లు కలిసినయ్. మన దగ్గర దీనికి పెద్ద కారణం వల దారమే. ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కు నైలాన్ దారం చుట్టుకొని, నీళ్లు లోపలికి రాకుండ ఆపే సీల్‌ను కోసేస్తది. ప్రొపెల్లర్ విప్పించి చూడందే ఇది కనబడదు.

ఇంపెల్లర్, సీల్, కార్బురేటర్ మార్చుకోవచ్చు. కుళ్లిన పలకకైతే ఫైబర్ కోసి, పాత కట్టె తీసి, కొత్త ప్లైవుడ్ పెట్టి మళ్లీ పొరలు వెయ్యాలె. అందుకే మెరిసే బోటు పలక కుళ్లి, గీతల బోటు పలక గట్టిగుండి కంప్రెషన్ సమంగుంటే గీతల బోటే నయం. దాని మీద పెద్ద ఇంజన్ ఎక్కించాలని మాత్రం చూడొద్దు, ఆ బరువుకు మంచి పలక కూడా వెనక్కి లాగబడుతది.

బయానా ఇచ్చేముందు ఇద్దరు మనుషులు, వలల బరువుతో అర్ధగంట నీళ్లల్ల తిప్పాలె. ఒడ్డుకు గుంజి ముందు భాగం ఎత్తిపెట్టి, వెనక డ్రెయిన్ ప్లగ్ తియ్యండి. చెంబెడు నీళ్లొస్తే వల మీది తడి అనుకోవచ్చు. ధార ఆగకుండ కారుతుంటే ఎక్కడినుంచి వస్తున్నయో దొరికేదాకా పైసలు తియ్యొద్దు.