పర్మనెంట్ అంటే ఎన్నేళ్లు మేడమ్?

పొద్దున ఫస్ట్ పీరియడ్‌కి వెళ్లేసరికి బోర్డు నిండా నిన్నటి మ్యాథ్స్. డస్టర్ అరిగిపోయేలా రుద్దినా ఒక్క అంకె చెరగలేదు. ఎవరో చూసుకోకుండా పర్మనెంట్ మార్కర్‌తో రాసేశారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచొచ్చి, "ఇటివ్వండి మేడమ్" అని నా చేతిలో బోర్డు మార్కర్ తీసుకుని, సరిగ్గా ఆ గీతల మీదే మళ్లీ దిద్ది, తడి ఆరకముందే తుడిచేశాడు. పాతది, కొత్తది రెండూ ఊడొచ్చాయి. ఈ మార్కర్‌లో ఉండే ద్రావకం ఎండిపోయిన ఆ సిరాని కూడా కరిగించేస్తుంది, అంతే. కాస్త శానిటైజర్ పోసినా పోతుందట. చదువులో వెనకబడ్డాడని స్టాఫ్‌రూమ్‌లో అందరూ అనే పిల్లాడే వీడు!

తీరా చూస్తే ఇవాళ్టి పాఠం పర్మనెంట్ సెటిల్‌మెంట్, అంటే ఈస్టిండియా కంపెనీ జమీందార్లతో చేసుకున్న భూమి శిస్తు ఒప్పందం. 1793, కారన్‌వాలిస్, బెంగాల్, బీహార్, ఒరిస్సా అని రాసి ఇటు తిరిగానో లేదో, ముందు వరసలో అమ్మాయి అడిగింది: "పర్మనెంట్ అంటే ఎన్నేళ్లు మేడమ్?"

క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆ ప్రశ్న భలే నచ్చింది. పిల్లలు పేపర్లో బోల్తా పడేది అక్కడే. పర్మనెంట్ అనగానే జమీందారు పర్మనెంట్ అనుకుంటారు. అసలు పర్మనెంట్ చేసింది మనిషిని కాదు, అంకెని. రైతుల దగ్గర రావాల్సిన దాంట్లో పదకొండు పాళ్లలో పది కంపెనీకి, ఒకటి జమీందారుకి అని లెక్కగట్టి, కంపెనీకి కట్టాల్సిన ఆ మొత్తం ఇక మార్చేది లేదన్నారు. పంట పండినా ఎండినా అంతే. గడువు రోజు పొద్దు గుంకేలోపు డబ్బు జమ కాలేదా, ఎస్టేటు వేలం. సూర్యాస్తమయ చట్టం అని పేరు కూడా పెట్టారు దానికి. తరాల నుంచి ఉన్న జమీందారీలు ఎన్నో మొదటి ఇరవై ముప్పై ఏళ్లలోనే వేలంలో చేతులు మారాయి. కొన్నవాళ్లలో కలకత్తా వ్యాపారులున్నారు, ఆ జమీందారు కిందే పద్దులు రాసిన గుమాస్తాలూ ఉన్నారు. ఇక రైతు సంగతి చెప్పక్కర్లేదు. జమీందారు కట్టేదానికి హద్దు ఉంది కానీ, రైతు దగ్గర జమీందారు పిండుకునేదానికి గట్టి హద్దంటూ ఏదీ లేదు.

మన వైపుకి ఇది 1802లో వచ్చింది, ఉత్తర సర్కారుల్లోకి. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం జమీందారీలన్నీ ఈ లెక్కలోకే వచ్చాయి. వాళ్లు కట్టేదాన్ని పేష్‌కష్ అనేవారు. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చేదాకా నడిచింది. ఆ అమ్మాయి గబగబా తీసివేత చేసి, "అంటే పర్మనెంట్ ఈజ్ ఈక్వల్ టు 146 ఏళ్లు" అని నోట్‌బుక్‌లో రాసేసుకుంది. పరీక్షలో అలా రాయకు తల్లీ అని బతిమాలాను. తుళ్లూరు నుంచి వచ్చే అబ్బాయి ఊరుకుంటాడా, "మరి మా వెలగపూడి తాత్కాలిక సచివాలయం 2016 నుంచీ తాత్కాలికమే కదా మేడమ్" అన్నాడు. ఇక బెల్ కొట్టేదాకా ఎవరూ పుస్తకం ముట్టలేదు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో బాక్సులు విప్పుకున్నాక ఈ ముచ్చటంతా చెప్పాను. కాంట్రాక్టు వాళ్లం ఒక పక్కన, రెగ్యులర్ వాళ్లు ఒక పక్కన కూర్చోవడం ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా అలవాటైపోయింది. మాకు ఏటా రెన్యువల్. ఆ ఆర్డరు వచ్చేదాకా జూన్ నెలంతా టెన్షనే. పదేళ్లు దాటినవాళ్లం ఎవరం కలిసినా మాట చివరికి ఉమాదేవి కేసు మీదకే పోతుంది. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. అడ్డదారి నియామకాలు పర్మనెంట్ చేయడానికి వీల్లేదంటూనే, మంజూరైన పోస్టులో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి పనిచేసిన అర్హులని ఒక్కసారికి క్రమబద్ధం చేయొచ్చని ఒక సందు ఉంచింది. ఆ సందులోంచి ఎవరు దూరగలరు, ఎవరు దూరలేరు అన్నది మా అన్నాల దగ్గర రోజూ నడిచే చర్చ. హిస్టరీ చెప్పేది నేనే అయినా, తీర్పులో పేరాలు నంబర్లతో సహా చెప్పేది మా బోటనీ మేడమ్.

ఎకనామిక్స్ సార్ రెగ్యులర్. ఆయన మజ్జిగ తాగుతూ, "నేను మాత్రం ఏం పర్మనెంటమ్మా, 62 రాగానే దండ వేసి పంపేస్తారు. నన్ను ఎప్పుడు పంపుతారో నాకు ముందే తెలుసు, మీకు తెలియదు. తేడా అదే" అన్నారు. జోకుగానే అన్నారు, కానీ ఎవరమూ నవ్వలేదు. నిజానికి అంత సూటిగా మా యూనియన్ కరపత్రాల్లో కూడా ఎవరూ రాయలేదు. నాకు కావాల్సింది చచ్చేదాకా ఉద్యోగం కాదు. వచ్చే జూన్ ఎలా ఉంటుందో ఈ జూన్‌లోనే తెలిస్తే చాలు. హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు చూసేదీ అదే, పెళ్లి చూపుల్లో "అబ్బాయిది పర్మనెంటేనా" అని అడిగే పెద్దమ్మ చూసేదీ అదే.

సాయంత్రం ఇంటికొచ్చి రేపటి పాఠం తీశాను. రైత్వారీ. కంపెనీ కలెక్టర్ మన్రో, దత్త మండలాలు (అంటే రాయలసీమ వైపు), జమీందారు లేకుండా నేరుగా రైతు పేరునే పట్టా. తర్వాత్తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ముప్పై ఏళ్లకోసారి సర్వే చేసి శిస్తు మార్చే పద్ధతి వచ్చింది. అలా గడువు పెట్టుకున్న వాటన్నిటినీ కలిపి టెంపరరీ సెటిల్‌మెంట్లు అనేవారు. ముప్పై ఏళ్లు, టెంపరరీ! రేపు క్లాసులో ఇది చెబితే ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తడం ఖాయం. ఈసారి పాఠం సగమైనా అయ్యాకే ఆ మాట ఎత్తాలి.